ఆదివారం ఐటీఐ షెడ్డు తెరిపించండి

బొలేరో, స్కార్పియో, సుమో, క్వాలిస్, పాత సఫారీ ఉన్న ఇంటివారికి, వాటి డ్రైవర్లకు, ఊళ్లో షెడ్డు నడుపుకుంటున్న మేస్త్రీలకు, జిల్లా అధికారులకు ఈ విన్నపం.

టాటా సుమో 1994లో వచ్చింది, 2019లో దాని తయారీ ఆపేశారు. క్వాలిస్ 2000లో వచ్చి, ఐదేళ్లకే ఇన్నోవాకు చోటిచ్చి తప్పుకుంది. స్కార్పియో తొలి బండి 2002 నాటిది. ఫ్యాక్టరీలో ఆగినవి రోడ్డు మీద మాత్రం ఆగలేదు. పెళ్లివారిని దింపుతున్నాయి, మాలధారులను శబరిమల తీసుకెళ్లి తెస్తున్నాయి, అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని ఏరియా ఆసుపత్రికి చేరుస్తున్నాయి. అదే సైజులో కొత్త బండి కొనాలంటే ఎంతవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఉన్నదాన్నే పదిలంగా నడుపుకోవడం తప్ప చాలా ఇళ్లకు ఇంకో దారి లేదు.

మేం అడిగేది పెద్ద పనేం కాదు. ఈ బండ్లకు ఏటా పడే పనుల్లో చాలావాటిని యజమాని తన చేత్తోనే చేసుకోగలడు. చేసుకోలేకపోతున్నాడంటే దానికి కారణం, చోటు లేదు, సామాన్లు లేవు, చూసి చేసుకోవడానికి కంపెనీ పుస్తకం లేదు. చోటూ సామాన్లూ ప్రభుత్వ ఐటీఐల్లో ఉన్నాయి. ఆదివారం వాటికి తాళం. ఆ తాళం తీయించాలి. పుస్తకం కంపెనీల దగ్గరుంది. దాన్ని బయటికి రప్పించాలి.

చేత్తో చేసుకోవడమంటే ఇంజను దింపడం అనుకుని బెదిరిపోకండి. వానాకాలం రాగానే బండి జెర్కులిస్తోందని, ఎత్తు ఎక్కడం లేదని షెడ్డుకు తోలుకొస్తారు. చాలాసార్లు దోషం డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్లది. పాత బొలేరోలో బానెట్ ఎత్తి చూస్తే ఆ ఫిల్టరు దొరుకుతుంది, దాని అడుగున చిన్న డ్రైన్ స్క్రూ ఉంటుంది. కింద గాజు గ్లాసు పట్టి స్క్రూ వదులు చేయండి. మొదట మురికిగా కొంత దిగుతుంది. గ్లాసును కాసేపు కదపకుండా పక్కన పెడితే నీళ్లు అడుక్కి, డీజిల్ పైకి చేరి, మధ్యలో గీత కనిపిస్తుంది. మళ్లీ పట్టి చూసినప్పుడు గీత లేకుండా అంతా ఒకే రంగులో ఉంటే నీళ్లు పోయినట్టు. స్క్రూ బిగించి, హ్యాండ్ పంపు కొట్టి, లైన్లో గాలి తీసేస్తే బండి మామూలుగా లాగుతుంది. దీనికి మేస్త్రీ ఎందుకు? ఎందుకంటే ఆ స్క్రూ ఎక్కడుందో మనకెవరూ చూపించలేదు కాబట్టి.

ఇంకోటి చెప్తాం. మాలో ఒకరి స్కార్పియోకు హెడ్‌లైట్లు మసకబారాయి. చూపించిన చోట రెండువైపులా లైట్లు అసెంబ్లీతో సహా మార్చాలన్నారు. ఆయన బండి ఇంటికి తెచ్చి మల్టీమీటరు పెట్టి చూశారు. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులున్నాయి, బల్బు దగ్గరికొచ్చేసరికి పదిన్నరే. రెండు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. వెతగ్గా వెతగ్గా, ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. ఊడదీసి, సాండ్ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు పూశారు. లైట్లు వెలిగాయి. సాండ్ పేపరు ముక్క ఖరీదు ఎంతో మీకే తెలుసు.

పాత బండ్లు ఇలాంటి పనులకు అనువుగా ఉంటాయి. కింద చాసిస్, వెనక చాలావాటికి కమాన్ కట్టలు, బానెట్ కింద చెయ్యి దూరేంత జాగా. కమాన్ బుష్షులు, గ్రీజు నిపిళ్లు, ఎయిర్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోసు పైపులు అన్నీ కంటికి కనిపించేవే. ఇవి తెలిసిన యజమానికి బండి ముందే చెబుతుంది, ఎక్కడ కిర్రుమంటోందో, ఎక్కడ కారుతోందో.

బ్రేకుల సంగతి మాత్రం వేరు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, అదే ఏడాది జులై నుంచి డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు. మన పాత బండ్లలో ఎక్కువ వాటికి ఆ రెండూ లేవు. అందుకే ఉన్న బ్రేకు బాగుండాలి. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగే స్థితికి వస్తుంది. మారేడుమిల్లి ఘాటులోనో శ్రీశైలం ఘాటులోనో బండెడు జనంతో దిగుతూ బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే, ఆయిలు మరిగి బుడగలు పుట్టి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆ ఆయిలు మార్చాలన్న ముక్క తెలిస్తే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఎప్పుడు మార్చాలో యజమాని చూసుకోవచ్చు. మార్చి, గాలి తీసే పని మాత్రం మొదటి కొన్నిసార్లు తెలిసిన మనిషి పక్కన నిలబడి చూస్తుండగానే చేయాలి. స్టీరింగ్ బాల్ జాయింట్లూ అంతే. ఇది వీడియో చూసి ఒంటరిగా ప్రయోగాలు చేసే చోటు కాదు.

ఐటీఐ అవసరం ఇక్కడే. ఇంటి ముందు సందులో బండిని జాకీ మీద లేపి కింద దూరేవాళ్లను మనం రోజూ చూస్తున్నాం. జాకీ బండిని లేపడానికే, మోయడానికి కాదు. కింద స్టాండ్లు పెట్టకుండా, చక్రాలకు అడ్డం వేయకుండా దూరితే ప్రాణం మీదికొస్తుంది. మట్టినేల మీద జాకీ ఒరిగిందంటే కేక వేసే టైము కూడా ఉండదు. ప్రభుత్వ ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్ల చదువు. ఆ ట్రేడున్న చోట గచ్చు నేల, ట్రాలీ జాకీ, స్టాండ్లు, టార్కు రెంచి, మల్టీమీటరు ఉండాలి. నెలకు రెండు ఆదివారాలు వాటి పక్కన ఒక శిక్షకుడు, ఒక పెద్ద పీపా ఉంటే చాలు. మేం అడిగేది ఇంతే.

పీపా ఎందుకో చెప్పాలి. ఇంటి దగ్గర ఇంజనాయిలు మార్చేవాళ్లు చాంబరు కింద డ్రైన్ బోల్టు విప్పి పాత ఆయిలు మురిక్కాలువలోకి వదిలేస్తున్నారు, లేదంటే చెదలకని దూలాలకు పూస్తున్నారు. వాడేసిన ఆయిలు 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే పంపాలి. ఐదు లీటర్ల నల్ల ఆయిలు పట్టుకుని ఒక్క మనిషి ఎక్కడికి వెళ్తాడు? అదే ఐటీఐలో పీపా నిండితే లారీ వచ్చి తీసుకెళ్తుంది. సొంత రిపేరును వద్దనేవాళ్లు మొదట ఎత్తిచూపేది ఈ కాలుష్యాన్నే. వాళ్ల మాట నిజమే. అందుకే చేసే చోటు మార్చమంటున్నాం.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. వేల కోట్ల లెక్క అది. అంత ప్రజల సొమ్ము పెట్టిన యంత్రాలు ఆదివారం దుప్పటి కప్పుకుని పడుకోవడం ఎవరికి లాభం? జర్మనీలో గంటకింత అని అద్దె కట్టి, లిఫ్టూ సామాన్లూ వాడుకుని, ఎవరి బండి వాళ్లు బాగుచేసుకునే షెడ్లు చాలాకాలంగా నడుస్తున్నాయి. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. అక్కడ పెద్ద స్పేర్ పార్టుల దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని సామాన్లు చేబదులిస్తాయి, పాత ఆయిలు తెచ్చిస్తే తీసుకుంటాయి. మన దగ్గర ఆ పని ప్రభుత్వం మొదలుపెట్టాలి. ఉచితంగా వద్దు, గంటకు యాభయ్యో వందో తీసుకోండి. ఊరికే ఇచ్చే చోట టార్కు రెంచి నెల తిరక్కుండా మాయమవుతుందని మాకూ తెలుసు.

ఇక పుస్తకం సంగతి. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ వైరు ఎక్కడికి పోతుంది, ఏ పార్టుకు ఏ నంబరు, ఇవన్నీ కంపెనీ సర్వీస్ మాన్యువల్లో ఉంటాయి. అది డీలరు బీరువా దాటి రాదు. కంప్యూటరు ఉన్న బండ్లలో లోపం కోడ్ల రూపంలో నమోదవుతుంది. అందరికీ ఉమ్మడిగా ఉన్న కోడ్లను చవకరకం స్కానర్ కూడా చదువుతుంది, కంపెనీ సొంతంగా పెట్టుకున్నవి మాత్రం నోరు విప్పవు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, లోపాలు పట్టే పరికరాలు బయటి షెడ్లకు అందనివ్వడం లేదన్నదే నేరం. వాటిని అందరికీ అమ్మాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, మొదట పట్టించుకునే నాలుగు రంగాల్లో వాహనాలను కూడా చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తయారీ ఆగిన బండి పూర్తి మాన్యువల్ తెలుగులో ఏదని అడిగితే ఎవరూ చూపించలేరు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఓటర్లే తీర్పు చెప్పి మరమ్మతు సమాచారం చట్టంగా రాబట్టుకున్నారు. 2014కల్లా కంపెనీలు ఆ దేశమంతటికీ అదే ఒప్పుకున్నాయి. అడిగితే ఇచ్చారు మరి.

మేస్త్రీలూ, మీ పొట్ట కొట్టడానికి ఈ కరపత్రం వేశామని అనుకోవద్దు. గ్రీజు కొట్టుకోవడం నేర్చుకున్న యజమాని క్లచ్ ప్లేటు మార్చడానికి మీ దగ్గరికే వస్తాడు, ముదరకముందే వస్తాడు. మీ షెడ్డును మూయించేది అతను కాదు, మీకు కోడ్లు చదవనివ్వని తాళం. బెజవాడ ఆటోనగర్‌లోనూ రాణిగంజ్‌లోనూ పార్టు చేతిలో పట్టుకుని అసలుదో నకిలీదో చెప్పగల పెద్దలున్నారు. ఆదివారం ఐటీఐలో శిక్షకులుగా వాళ్లనే రోజు కూలీ ఇచ్చి పెట్టమని మా డిమాండు. సర్టిఫికెట్ లేదని వాళ్లను గేటు బయట నిలబెట్టకూడదు.

బండిని ముస్తాబు చేసే కుర్రాళ్లకు ఒక మాట. రిపేరుకు హక్కు అడుగుతున్నాం, ఏది పడితే అది బిగించుకోవడానికి కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ముందు బిగించే ఇనుప గార్డులను తీయించాలని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు ఆ గార్డు దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరుస్తుంది, ఎదురుగా ఉన్న పాదచారికి అది ఇనుప దూలమే. లైటు పెరగాలంటే వంద వాట్ల బల్బు పెట్టి హోల్డరు కరిగించుకోవడం, ఎదుటివాడి కళ్లు పోగొట్టడం అక్కర్లేదు. కంపెనీ చెప్పిన వాట్ల బల్బే ఉంచి, బ్యాటరీ నుంచి మందమైన వైరు, మధ్యలో ఫ్యూజు, రిలే వేస్తే పాత స్విచ్ మీద భారం తగ్గి లైటు తెల్లగా వెలుగుతుంది. వెనక సీట్లకు బెల్టులు లేని బండికి అవి వేయించడం కంటే గొప్ప అప్‌గ్రేడ్ మాకు కనబడదు. అయినా దాన్ని ఎవరూ ఫోటో తీసి పెట్టరు.

పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1న 600 నుంచి 5,000 రూపాయలకు ఎగబాకింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. పాత బండి పొగ కక్కకూడదన్నది న్యాయమే. ఫీజు పెంచితే పొగ తగ్గదు, ఫిల్టరు మారిస్తే తగ్గుతుంది. మా దగ్గర వసూలు చేసేదాంట్లో కొంత తీసి, బండి బాగుచేసుకునే చోటు చూపించండి.

చేయాల్సింది ఇదీ. సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ఒక్కరు కాదు, నలుగురు యజమానులు, ఒక మేస్త్రీ కలిసి వెళ్లండి. దరఖాస్తులో మీ దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ పేరు, అక్కడ మోటార్ మెకానిక్ ట్రేడు ఉందన్న సంగతి రాసి, నెలకు రెండు ఆదివారాలు షెడ్డు తెరవాలని, పాత ఆయిలుకు పీపా పెట్టాలని, గంటకు ఇంత అని ఫీజు నిర్ణయించాలని అడగండి. రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద రసీదు ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆర్సీ జిరాక్సు జత చేయడం మరవొద్దు.

ఇట్లు,
పాత బండ్ల యజమానులు కొందరు