ఫైబర్ బోటు వయసయ్యాక

బందరు గిలకలదిండి నుంచి దివిసీమలో నాగాయలంక, ఎదురుమొండి దాకా ఫైబర్ బోటు మత్స్యకారుడికి తోడైంది. చెక్క పడవలా పుచ్చదు, పురుగు తొలవదు. దాన్ని తప్పుపట్టే హక్కు ఒడ్డున కూర్చున్నవాళ్లకు లేదు. చిక్కంతా అది పాతబడి మూలపడ్డాకే. చెక్క పడవ చివరికి పొయ్యిలోకైనా పనికొచ్చేది. గాజునారను రెజిన్‌తో గట్టిపరిచిన బోటు కుళ్లదు. తగలబెడితే విషపు పొగ, కోస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే నుసి. వదిలేస్తే ఏళ్ల తరబడి పెచ్చులు పెచ్చులుగా రాలుతూ కృష్ణమ్మ సముద్రంలో కలిసే మడ అడవుల బురదలో చేరుతుంది.

గట్టిపడేటప్పుడు రెజిన్ అణువులు వలకన్నుల్లా ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఆ ముడి వేడికి కరగదు, కనుక కరిగించి మళ్లీ పోతపోయలేం. చిన్న బోట్లకు ఎక్కువగా వాడేది చౌకైన పాలిస్టర్ రెజిన్, గాలిమర రెక్కలకు ఎపాక్సీ. రెండింటిదీ ఇదే మొండితనం.

మొక్కల నుంచి తీసిన రెజిన్ అయితే దానంతటదే మట్టిలో కలిసిపోతుందన్న నమ్మకం ఒకటుంది. అది నిజం కాదు. ఎపాక్సీకి కావలసిన ఎపిక్లోరోహైడ్రిన్‌ను నూనెల పరిశ్రమలో మిగిలే గ్లిజరిన్ నుంచి ఇప్పటికే తయారుచేస్తున్నారు. మన పలాసలో రాశులు పడే జీడిపిక్కల పెంకు నూనెలోంచి కార్డనాల్ అనే రసాయనం వస్తుంది. దాంతో చేసిన హార్డెనర్లను, అంటే రెజిన్‌ను గట్టిపరిచే పదార్థాలను, ఓడల రంగుల్లో చాన్నాళ్లుగా వాడుతున్నారు. గుడివాడ పొలాల్లో మిగిలే వరిగడ్డిలోని లిగ్నిన్ కూడా రెజిన్‌కు ముడిసరుకు కాగలదు. పెట్రోలియం మీద ఆధారపడటం తగ్గుతుంది కాబట్టి ఇదంతా మంచిదే. కానీ ముడి అంతే బిగువుగా పడితే, జీడిపెంకులో పుట్టిన రెజిన్ కూడా మడ అడవిలో అలాగే పడి ఉంటుంది.

అలాగని నీళ్లలో తనంతట తాను విడిపోయే రెజిన్ బోటుకు పనికిరాదు. అది ప్రాణాలతో చెలగాటం. మనం విప్పినప్పుడే విడే ముడి కావాలి. అలాంటిది ఉంది. ఆదిత్య బిర్లా సంస్థ తయారుచేసే రీసైక్లమీన్ హార్డెనర్‌తో గట్టిపడిన ఎపాక్సీ, వేడిచేసిన పలుచని ఆమ్లంలో విడిపోయి నారను వదిలేస్తుంది. గాలిమరల సంస్థ సీమెన్స్ గమేసా 2021లో ప్రకటించిన రెక్కలకు ఆధారం ఇదే. 2022లో జర్మనీ సముద్రంలోని కాస్కాసి గాలిమరల కేంద్రంలో వాటిని బిగించారు. 2024లో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల మరో అడుగు వేసింది. మొక్కల నుంచి తీయగల ముడిసరుకుతో రెజిన్ చేసి, 9 మీటర్ల రెక్క పోసి, ఆ రెజిన్‌ను మిథనాల్‌తో విడగొట్టవచ్చని చూపింది.

మన తీరానికి ఆమ్లంతో విడదీసే మొదటి దారే నప్పుతుందని నా అభిప్రాయం. సముద్రపు నీటి పీహెచ్ 8 దగ్గర ఉంటుంది, అంటే కొద్దిగా క్షారం. ఆమ్లానికి మాత్రమే లొంగే ముడి అందులో నిలుస్తుందని ఆశించవచ్చు. అయితే బందరు ఎండలో, ఉప్పుగాలిలో బోటుగా పరీక్షించకుండా దాన్ని ఏ మత్స్యకారుడి చేతికీ ఇవ్వకూడదు. ఇక ధర సంగతి. ఎపాక్సీ పాలిస్టర్ కంటే ఖరీదు. ఆ భారాన్ని వేటకు వెళ్లేవాడి నెత్తిన వేయడం అన్యాయం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోట్లకు ఎలాగూ రాయితీ ఇస్తున్నారు. విడదీయగల రెజిన్‌తో చేసిన బోటుకు ఆ రాయితీ పెంచాలి, పాత బోటు తిరిగి అప్పగించినవాడికి డబ్బు ఇవ్వాలి. అప్పగించడానికి గిలకలదిండిలోనే ఒక యార్డు ఉండాలి. బందరులోనే ఉన్న కృష్ణా విశ్వవిద్యాలయం, మత్స్యశాఖ కలిసి పాలిస్టర్ బోటు పక్కన ఇలాంటి బోటొకటి నాగాయలంక నీళ్లలో దించి, నాలుగైదు వానాకాలాలు నడిపించి చూడాలి. అప్పుడు దాన్ని నడిపిన మత్స్యకారుల మాటే ముందుగా వినాలి.