కణమునకు పట్టుకొమ్మ

వైద్యులు శరీరములో నుంచు కృత్రిమ వస్తువు దేహమునకు హాని చేయకుండిన చాలునని కొందఱు తలంతురు. మా యభిప్రాయ మట్లు కాదు. అపకారము చేయకుండుట వేఱు, ఆశ్రయ మిచ్చుట వేఱు. గుమ్మములోనికి వచ్చిన యతిథిని వెళ్ళగొట్టనంత మాత్రమున ఆతిథ్యము జరిగినట్లు కాదుగదా! ఈ భేదమును విద్యార్థులును, వారి తలిదండ్రులును గ్రహింపవలయునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నెత్తురులో తేలియాడు కణముల మాట యటుండనిండు. చర్మమునందును, కంటి పొరయందును ఉండు కణములకు పట్టు లేనిదే బ్రదుకు లేదు. పట్టు తప్పిన కణము కొలది కాలములోనే తనంతట తాను నశించును. పట్టు దొరకిన కణము విప్పారి, రెండై, నాలుగై, గాయమును కప్పును. ఆ పట్టు ఎట్టిదో 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి యను శాస్త్రజ్ఞులు తెలిపిరి. కణముల చుట్టు నుండు ఫైబ్రోనెక్టిన్ అను మాంసకృత్తులో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లము వరుసగా నున్న చోటును కణము గుర్తించి పట్టుకొనును. అంత పెద్ద యణువులో మూడక్షరముల మాటవంటి గుర్తే దానికి ఆధారము.

ఇక కృత్రిమ పదార్థముల సంగతి. సామాన్యమైన పాలిమరు గొలుసునందు చిన్న యణువులు మేకులతో బిగించిన పలకలవలె గట్టి బంధములతో కూడియుండును. సుప్రామాలిక్యులర్ పాలిమరు అట్టిది కాదు. మన నెల్లూరు తీరమున పెద్దల కాలపు తెప్పను తలంచుకొనుడు. దాని దుంగలకు మేకులు లేవు. త్రాళ్ళతో కట్టుదురు, ఒడ్డు చేరిన పిమ్మట విప్పి యారబెట్టుదురు. ఈ పదార్థములును అట్లే విడివడి మరల కలియగల ముడులతో నిలుచును. 1997లో హాలండు దేశపు ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సైబెస్మా, మైయర్ మొదలగువారు నాలుగేసి హైడ్రొజన్ బంధముల ముడితో ఇట్టి పాలిమరును చేసి చూపిరి.

దీనివలన లాభమేమి? తెప్పకు మఱియొక దుంగను చేర్చినంత సులువుగా దీనికి క్రొత్త గుణమును చేర్చవచ్చును. 2005లో డాంకర్స్, ఆమె సహచరులు కణము గుర్తించు చిన్న పెప్టైడులకు ఆ ముడినే తగిలించి పాలిమరుతో కలిపిరి. గుర్తులు చేరిన పదార్థముపై కణములు చక్కగా అంటి విప్పారెను. అయినను ముడి జాఱినచో గుర్తును జాఱును. గుర్తు జాఱినచో కణమును జాఱును. కావున పదార్థము చెక్కుచెదరకున్న చాలదు, దాని పైముఖము తడిలోను నిలువవలయును.

తడిలో అంటు విద్యకు గురువులు సముద్రమునందే గలరు. అలల తాకిడిలో రాతిని విడువని చిప్పల జిగురునందు డోపా యను పదార్థము గలదని 1981లో వెయిట్, టాంజర్ వెల్లడించిరి. ఆ జిగురును పోలిన కేటికాల్ గుంపులను ఐండ్‌హోవెన్ వారు తమ పదార్థములపై కణములకు పట్టు కల్పించుటకు వాడి చూచిరి. రేవులో పడవల యడుగును గీకు బాలురు చీదరించుకొను గుల్లలయందును పాఠము గలదన్నమాట!

ఇది ధనిక దేశముల వేడుక, మనకేల యందురా? హైదరాబాదు చూడుడు. 1987లో స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 మొదలుకొని డాక్టరు వీరేంద్ర సాంగ్వాన్, ఆయన తోడివారు, సున్నము మొదలగువానివలన కాలిన కండ్లకు ఈ విద్యనే ప్రయోగించిరి. రోగియొక్క మంచి కంటి నల్లగ్రుడ్డు అంచునుండి చిన్న తునకను తీసి, ప్రసవించిన తల్లులు దానమిచ్చిన మావినుండి గ్రహించిన ఉల్బపొరపై కణములను పెంచి, చెడిన కంటిపై నాటిరి. 2011లో ప్రకటింపబడిన వారి పదేండ్ల లెక్కలో 200 కండ్లకుగాను 142 కండ్లపై పొర నిలకడగా నిలిచెను. 2012లో వారే మఱియొక సులభ మార్గమును ప్రకటించిరి. తునకను ముక్కలు చేసి, కంటిపై పఱచిన ఉల్బపొరమీద జిగురుతో నేరుగా అంటించిన చాలును; కణములను పెంచు ప్రయోగశాలతో పని లేదు. మేధకు పేదఱికము అడ్డు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఉల్బపొర యుండగా కృత్రిమ పదార్థము లెందులకని యడుగవచ్చును. ఆ పొరకు దాతలు కావలయును, రోగపరీక్ష కావలయును, ఒక పొర మఱియొకదానివలె నుండదు. మనుష్యుడు చేసిన పదార్థమున గుర్తులను కొలిచి యుంచవచ్చును. కావున పరిశోధన సాగవలసినదే. కాని పరీక్షకు నిలువని క్రొత్తదానిని చూపి, నేడు చూపు నిచ్చుచున్న పొరను తక్కువ చేయుట తగదు.

మన తీరముననే మఱియొక పదార్థము గలదు. రొయ్యల పొట్టునుండి తీయు కైటిన్‌ను మార్చగా వచ్చు కైటోసాన్‌ను గాయపు కట్టులయందు వాడుచున్నారు. రొయ్యల చెఱువుల నడుమ నివసించు మన బాలురు దానిని కుప్పలో పాఱవేయునట్టి మురికిగా మాత్రమే యెఱుగుట విచారకరము. రసాయనము, జీవశాస్త్రము వేఱువేఱు గదులలో నేర్పినను, ఆ రెండును కలియుచోటనే రేపటి వైద్యము గలదని మేము నమ్ముచున్నాము.

తల్లిదండ్రులకు మా మనవి: తాంబూలపు సున్నపు డబ్బీని పిల్లల కందనీయకుడు. సున్నము కంటబడినచో క్షణమైన ఆలసింపక మంచినీటితో ధారాళముగ కడిగి వైద్యునియొద్దకు కొనిపొండు. విద్యార్థులారా! కణమునకు పట్టు కల్పింపగల పదార్థమును చేయుట మీ తరమువారి పని. అంతవరకు కన్ను కాలకుండ కాపాడుట మనందఱి పని.