ఫోను ఉద్యోగిది... పెత్తనం కంపెనీదా?

గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరు మొదటిరోజే ఆఫీసు మెయిల్‌ను సొంత ఫోనులో ఎక్కించుకుంటాడు. అప్పుడు తెరమీద చిన్న అక్షరాల్లో ఒక వరుస కనిపిస్తుంది: ఫోనులోని సమాచారమంతా చెరిపేసే అధికారం ఈ యాప్‌కు ఇస్తున్నారు అని. చదివేవారు తక్కువ, చదివి వద్దనగలిగేవారు ఇంకా తక్కువ. అతను ‘యాక్టివేట్’ నొక్కేస్తాడు. రేపు ఉద్యోగం మానేసిన రోజున ఐటీ విభాగంలో ఎవరో ఒక మీట నొక్కితే, ఆఫీసు మెయిళ్లతోపాటు అతని బిడ్డ పుట్టినప్పటి ఫొటోలూ పోవచ్చు. ఆఫీసు భాగాన్ని వేరుచేసి అదొక్కటే తుడిచే ఏర్పాటు ఫోన్లలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని వాడే ఓపిక అన్ని కంపెనీలకూ లేదు.

కంపెనీల భయం ఉత్తిది కాదు. శాంసంగ్ ఇంజినీర్లు సంస్థ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టిన సంగతి 2023లో బయటపడింది. ఆఫీసు లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పనిచేయకుండా కట్టడి చేస్తే తప్పుపట్టేవారెవరూ లేరు. ఆ వంకతో జేబులోకీ ఇంట్లోకీ చేయిపెట్టడమే దౌర్జన్యం. ఇంటినుంచి పని మొదలయ్యాక నిమిషానికి ఎన్ని కీలు నొక్కారు, మౌస్ ఎంతసేపు కదల్లేదు అని లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఇది దొంగను పట్టే పని కాదు, మేస్త్రీ పని. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు: మౌస్‌ను దానంతటదే కదిలించే బుల్లి పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతున్నాయి.

ప్రభుత్వాలూ తక్కువ తినలేదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖ హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమని ఉపాధ్యాయులను ఆదేశించింది. పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలని సంఘాలు పట్టుబట్టాయి. వారి మాటే న్యాయం.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. సరిగ్గా 12 రోజులకు ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం, చాటింగ్ సందేశాలు చదివి ఉద్యోగిని తీసేసిన రుమేనియా సంస్థ కేసులో, నిఘా ఉంటుందనీ అది ఎంతవరకనీ ముందే చెప్పి తీరాలంది. మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం ఏడో సెక్షన్‌లో తలుపులు బార్లా తెరిచింది. ‘ఉద్యోగ అవసరాల కోసం’ అయినా, యజమానిని నష్టంనుంచి కాపాడేందుకైనా ఉద్యోగి సమ్మతి అక్కర్లేదట. ఈ చట్టంలో నోటీసు సమ్మతి వెంట వచ్చేది కాబట్టి, సమ్మతి లేనిచోట నోటీసూ లేదు. అంటే ఏం తీసుకుంటున్నారో చెప్పనక్కర్లేకుండానే తీసుకోవచ్చు. ఉద్యోగ అవసరం అంటే ఏమిటో చట్టం విడమరచలేదు. ఇక్కడే ఉంది అసలు కిటుకు.

పోగేసినదాన్ని దాచగలుగుతున్నారా అంటే అదీ లేదు. 2023లో టెస్లానుంచి ఇద్దరు మాజీ ఉద్యోగుల చేతుల మీదుగా 75 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలు బయటికి పోయాయి. వారిలో అత్యధికులు ఆ సంస్థ ప్రస్తుత, మాజీ సిబ్బందే. రహస్యాల కాపలా పేరుతో ఉద్యోగి చిట్టా పోగేసే కంపెనీ, దొంగకు మరో గది నింపి పెడుతోంది.

చట్టంలోని అసలు బాధ్యతలు అమల్లోకి వచ్చేది 2027 మే నెలలో. ఆలోగా కేంద్రం ‘ఉద్యోగ అవసరం’ హద్దులు గీయాలి. ఏ నిఘా, ఎందుకు, ఎన్నాళ్లు దాస్తారన్నది నియామక పత్రంతోపాటే ఉద్యోగి చేతికి అందాలి. పని వేళలు దాటాక చూడటం నేరం కావాలి. ఉద్యోగి ఫోనులో ఆఫీసు పని కావాలనుకునే కంపెనీ, ముందు ఆ ఫోను కొనివ్వాలి.