బ్రిడ్జి నొప్పికి ఓర్పే మందా?

బ్రిడ్జి వేయించుకున్నాక నొప్పి సహజమనీ, కొత్త పళ్ళు ‘సెట్’ కావడానికి నెలలు పడుతుందనీ, అంతవరకు నొప్పి మాత్రలతోనో లవంగ నూనెతోనో నెట్టుకురావాలనీ చెప్పే మాట ఎంతగా పాతుకుపోయిందంటే, నొప్పి తగ్గలేదని మళ్ళీ వైద్యుడి గడప తొక్కడానికి రోగులే సంకోచిస్తున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ కొంత నిజమే దాన్ని ప్రమాదకరంగా మార్చింది.

ఊడిన పంటికి అటూ ఇటూ ఉన్న పళ్ళను చుట్టూ అరగదీసి, వాటిపై తొడుగులు బిగించి, ఆ తొడుగుల ఆసరాతో నడుమ కృత్రిమ దంతాన్ని నిలిపే కట్టడమే బ్రిడ్జి. అరగదీతలో పైనున్న గట్టి పొర, అంటే ఎనామెల్, పోయాక దాని కిందనుండే డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్‌లోని అతిసన్నని గొట్టాలలో ఉండే ద్రవం చల్లదనానికి కదిలినప్పుడు లోపలి నాడులు స్పందించి పన్ను జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడం క్షణాల్లో ఆగిపోతూ, రోజురోజుకూ తగ్గుముఖం పడుతుంటే రెండు మూడు వారాలు వేచి చూడవచ్చు. ‘ఓర్చినమ్మకు తేటనీరు’ అన్న సామెత ఇక్కడ చెల్లుతుంది, ఇంతవరకే చెల్లుతుంది.

నమిలినప్పుడు మాత్రమే పోటు పెట్టే నొప్పికి సాధారణంగా కారణం బ్రిడ్జి కాస్త ఎత్తుగా కూర్చోవడం. వెంట్రుక మందం తేడా చాలు, పంటి వేరునూ ఎముకనూ కలిపే పీచుపొర ప్రతి ముద్దకూ నలిగి వాచిపోవడానికి. మత్తు వదలని దవడతో రోగి ‘సరిగ్గానే ఉంది’ అని చెప్పిన మాటను నమ్మి పంపేయడం వల్ల ఈ లోపం తరచుగా కంటబడకుండా పోతుంది. కార్బన్ కాగితంలాంటి పల్చని రంగు కాగితాన్ని పళ్ళ మధ్య ఉంచి కొరికిస్తే, ఎత్తుగా ఉన్న చోట ముదురు మచ్చ పడుతుంది. దాన్ని అరగదీస్తే సరిపోయే పనికి ‘అలవాటవుతుంది’ అని సలహా ఇవ్వడం విడ్డూరం. అలవాటయ్యేదల్లా రెండో వైపు నమలడమే.

అంతకన్నా మోసకరమైనది, జనం ‘నరం’ అని పిలిచే దంతమజ్జ వాపు. వేడి కాఫీ తాగాక నిమిషాల తరబడి వదలని బాధ, రాత్రి పడుకోగానే మొదలయ్యే సలపరం దాని గుర్తులు. కొన్ని వారాలకు ఆ సలపరం ఉన్నట్టుండి ఆగిపోతే ఓర్పువాదులు తమ మాటే నెగ్గిందనుకుంటారు గాని, మజ్జ చచ్చిపోయినప్పుడు కూడా నొప్పి సరిగ్గా అలాగే ఆగుతుంది. ఆపైన వేరు కొసన చీము చేరడానికి నెలలో ఏళ్ళో పట్టవచ్చు. 2005లో వెలువడిన ఒక హాంకాంగ్ అధ్యయనంలో, బ్రిడ్జికి ఆసరాగా నిలిచిన సజీవ దంతాలలో దాదాపు మూడో వంతు కాలక్రమేణా మజ్జను కోల్పోయినట్లు తేలింది. ఇటువంటి మజ్జ వాపుకు మందుల దుకాణంలో అడిగి కొనే యాంటీబయాటిక్ పనిచేయదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు కూడా దాన్ని వాడవద్దనే చెప్పాయి. కావలసింది రూట్ కెనాల్. చాలాసార్లు బ్రిడ్జిని ఊడదీయకుండానే, తొడుగుకు చిన్న రంధ్రం చేసి ఆ చికిత్స పూర్తిచేయవచ్చు. బ్రిడ్జిని అతికించిన సిమెంటు ముక్క చిగురు కింద మిగిలిపోవడంవల్ల కలిగే నొప్పయితే, ఆ ముక్కను గీకి తీసేవరకూ పోదు.

తొందరపడి ప్రతి పంటికీ రూట్ కెనాల్ చేయరాదనే వాదన న్యాయమైనదే. పరీక్షలన్నింటా పళ్ళు నిక్షేపంగా ఉన్నా, నాడులే దెబ్బతిని నొప్పి నిలిచిపోయే అరుదైన రోగులూ ఉంటారు. వారికి పళ్ళ మీద మరిన్ని కోతలు కీడే చేస్తాయి కనుక, నాడీ సంబంధమైన మందులతో నొప్పిని అదుపులో ఉంచుకోవడమే వారికి చికిత్స. అయితే ఆ నిర్ణయం ఎక్స్‌రే తీసి, తట్టి, చల్లదనం తగిలించి చూశాక రావలసినది. ఫోనులో ‘కొన్నాళ్ళు ఓపిక పట్టండి’ అన్నంత మాత్రాన తేలేది కాదు. గడువు చెప్పకుండా ఓపిక పట్టమన్న వైద్యుణ్ణి, ఎన్నాళ్ళో, ఆ తరవాత ఏ పరీక్ష చేస్తారో రోగి అడిగి తీరాలి.