గుండెకోత ఎవరికి? (వెలివాడ వైద్యం – 7)

పోయిన భాగంలో వివియన్ థామస్ గురించి రాశాను. 1944లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, నీలంగా మారిపోయే పసిపిల్లలకి మొదటిసారి గుండె ఆపరేషన్ చేస్తుంటే సర్జన్ వెనకాల స్టూలెక్కి నిలబడి ఎలా కుట్టాలో చెప్పిన నల్లజాతి మనిషి. అంతకుముందు వేరే యూనివర్సిటీ ల్యాబులో పరిశోధన చేస్తూనే జానిటర్ లెక్కలో జీతం తీసుకున్నవాడు. అది చదివి ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు: "అది వాళ్ల దేశం సంగతి. మన దగ్గర గుండెకి కూడా కులం అంటగడతారా? ఆపరేషన్ టేబుల్ మీద అందరూ ఒకటే కదా?"

టేబుల్ మీద ఒకటే కావచ్చు సార్. టేబుల్ దాకా ఎవరు ఏ దారిన వచ్చారు, దిగినాక ఎక్కడికి పోయారు? నేనడిగేది అది.

గుండె జబ్బు అనగానే మీకు గుర్తొచ్చేది స్టెంటు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంటు ధరకి సీలింగ్ పెట్టింది. మందుపూత స్టెంటు 29,600 రూపాయలు, మామూలుది 7,260. మందుపూతవైతే అంతకుముందు లక్ష దాటి గుంజినవే. టీవీల్లో నెలల తరబడి చర్చ. మంచి పనే, కాదనను. మావాళ్లకీ రక్తనాళాలు పూడుకుపోతాయి, మావాళ్లకీ స్టెంట్లు పడతాయి. కానీ ఆ చర్చ అంత గట్టిగా ఎందుకు జరిగిందంటే, ఆ జబ్బు మీకూ వస్తుంది కాబట్టి. మీకు దాదాపు రావడం మానేసిన గుండె జబ్బు ఇంకోటుంది. దాని గురించి టీవీలో ఎప్పుడైనా విన్నారా?

దాని పేరు రుమాటిక్ గుండె జబ్బు. మొదలయ్యేది గొంతునొప్పితో. ఐదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల గొంతులో ఒక రకం స్ట్రెప్టోకాకస్ క్రిమి చేరుతుంది. ఇరుకు గదిలో పక్కపక్కన పడుకునే పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. రెండు మూడు వారాలకి కొందరికి జ్వరం, మోకాళ్ల వాపు. ఈ రోజు ఒక కీలు, రేపు ఇంకో కీలు. తర్వాత అన్నీ తగ్గిపోతాయి. తగ్గని చోటు ఒకటుంది, అది గుండె లోపలి కవాటం. క్రిమిని చంపాలని ఒంట్లో తయారైన సైన్యం తన కవాటాన్నే శత్రువనుకుంటుంది. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకాస్త మందమై, అంచులు అతుక్కుని, పదేళ్లకో పదిహేనేళ్లకో ద్వారం మూసుకొస్తుంది.

యూరప్ దేశాల్లో ఈ జబ్బు పెన్సిలిన్ రాకముందే తగ్గుముఖం పట్టింది. ఇళ్లు విశాలమయ్యాయి, తిండి మెరుగైంది, జబ్బు సర్దుకుంది. అంత డబ్బున్న ఆస్ట్రేలియాలో ఇప్పటికీ ఇది ఎవరికుంది? ఆదివాసులకి. ప్రపంచంలోనే ఎక్కువగా నమోదయ్యే చోట్లలో వాళ్ల వాడలు ఉన్నాయి. న్యూజిలాండులో మావోరీలకి, పసిఫిక్ దీవుల వాళ్లకి. తెల్లోళ్ల పేటల్లో దాదాపు లేదు. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, ఒకే క్రిమి. గుండెకి కులం లేదన్న పెద్దమనిషి ఈ ముక్కకి ఏం జవాబు చెప్తాడో చూడాలి.

ఇప్పుడు మా కళింగపట్నం రండి. టూరిస్టులైతే లైట్‌హౌస్ దగ్గర ఫొటో దిగి, వంశధార సముద్రంలో కలిసే చోటు చూసి వెళ్లిపోతారు. మీరు ఆ సరుగుడు తోటలు దాటి పేటలోకి రండి. ఒక గది, దానికో వసారా. రాత్రి పూట ముసలమ్మ, మొగుడూపెళ్లాలు, ముగ్గురు పిల్లలు, వానాకాలమైతే మేకపిల్ల కూడా. జాలరి వాడల్లోనూ అంతే. మగాళ్లు గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికి వలసపోతే, గదిలో మిగిలిన వాళ్లు ఇంకా దగ్గరగా పడుకుంటారు, చలికి.

మా చిన్నాన్న కూతురు ఆ గదిలోనే పెరిగింది. పదకొండో ఏట మోకాళ్లు వాచాయి. ఆరెంపీ డాక్టరు నొప్పికి సూది వేశాడు, ముసలమ్మ వాతమంది, ఆముదం రాసింది. తగ్గింది. పంతొమ్మిదికి పెళ్లి. ఇరవై ఒకటికి కడుపు. ఏడో నెలలో పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునేది. "కడుపుతో ఉన్నోళ్లకి ఆయాసం రాదేటి?" అంది అత్తగారు. గర్భిణి ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఇరుకు ద్వారంలోంచి అది పోలేక ఊపిరితిత్తుల్లోకి వెనక్కి తంతుంది. ఎకో తీశారు. నాలుగు చదరపు సెంటీమీటర్లయినా ఉండాల్సిన ద్వారం ఒకటి కూడా లేదు.

ఆమదాలవలసలో రైలెక్కించి విశాఖ తీసుకెళ్లాం. అక్కడ బెలూన్ వేశారు. ఈ పద్ధతి కనిపెట్టింది కాంజి ఇనౌయే అనే జపాన్ సర్జన్, 1980లలో. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, పైగదుల మధ్య గోడకి చిన్న బెజ్జం పెట్టి, అటు దూరి, అతుక్కున్న కవాటంలో బెలూన్‌ని ఉబ్బిస్తారు. ఛాతీ కొయ్యరు. ఆ రాత్రి నా చెల్లి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. "అన్నియ్యా, నిద్రంటే ఇదేటి!" అంది పొద్దున్న. బిడ్డ బతికింది, తనూ బతికింది. ఆ డాక్టర్లకి నేను ఇప్పటికీ మొక్కుతాను.

కాబట్టి నేను ఆపరేషన్లకి వ్యతిరేకిని అని ఎవరూ అనుకోవద్దు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తెల్లకార్డు పట్టుకుని వెళ్లి గుండె బాగుచేయించుకున్న మనుషులు మా మండలంలో తిరుగుతున్నారు. ఆ పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం మాత్రం మారలేదు. సరే, ఆ గొడవ ఇంకోసారి.

నా తగాదా వేరు. లక్షలు ఖర్చయ్యే ఆపరేషన్‌కి డబ్బిచ్చే ప్రభుత్వం, మూడు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ సూదికి ఎందుకు పూచీ పడదు? ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకి బెంజాథిన్ పెన్సిలిన్ క్రమం తప్పకుండా వేస్తే జ్వరం తిరగబెట్టదు, కవాటం మరింత పాడుకాదు. చవకైన, పాతకాలపు మందు. అందుకే దాన్ని తయారుచేయడానికి కంపెనీలకి ఆసక్తి లేదు, ప్రపంచమంతా మాటిమాటికీ కొరత. ఉన్నచోట కూడా, రియాక్షన్ వస్తే మా మీదికొస్తుందని వెయ్యడానికి జంకుతారు. క్యూబాలో పినార్ డెల్ రియో అనే రాష్ట్రంలో 1986 నుంచి పదేళ్లపాటు రిజిస్టరు పెట్టి, పిల్లల్ని వెతికి, సూదులు వేసి, జబ్బుని గణనీయంగా తగ్గించి చూపించారు. వాళ్ల దగ్గరేమైనా మనకంటే ఎక్కువ కార్పొరేట్ ఆసుపత్రులున్నాయా? సూదికి రిబ్బన్ కటింగ్ ఉండదు, ఫ్లెక్సీ ఉండదు. ఆపరేషన్‌కి ఉంటాయి.

చెల్లి కథ బెలూన్‌తో అయిపోలేదు. కొన్నేళ్లకి కవాటం మళ్లీ పూడింది, పైగా కారడం మొదలైంది. ఈసారి మార్చాలన్నారు. మార్చడంలో రెండు రకాలు. లోహపు కవాటమైతే చాలాకాలం మన్నుతుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం మాత్ర మింగాలి. రక్తపరీక్ష చేయిస్తూ మోతాదు సరిచూసుకోవాలి. ఆ మాత్రతో మళ్లీ కడుపు వస్తే బిడ్డకి ముప్పు. జంతు కణజాలంతో చేసిందైతే మాత్ర బాధ తక్కువ, కానీ పడుచు ఒంట్లో త్వరగా అరిగిపోతుంది, ఇంకోసారి ఛాతీ కొయ్యాలి.

ఆ జంతువు ఏది అనుకున్నారు? పంది. లేకపోతే ఆవు. ఆవు గుండె చుట్టూ ఉండే పొరని శుద్ధిచేసి, కత్తిరించి, కుట్టి కవాటం చేస్తారు. ఈ మధ్య ఛాతీ కొయ్యకుండా తొడలోంచి పంపి అమర్చే ఖరీదైన కవాటాల్లో కూడా చాలావాటికి అదే పొర. 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు షాక్‌కి చచ్చిపోయిన ఆవు తోలు తీస్తున్నారని మాదిగ అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టి కొట్టారు. తోలు తీసే చేతికి మైల అంటించిన సంస్కృతి, అదే ఆవు పొర గుండెలో కుట్టించుకుని గుడికెళ్లి ప్రదక్షిణ చేస్తుంది. చెయ్యనివ్వండి, బతకనివ్వండి. వాళ్ల గుండెలో ఏముందో ఒక్కసారి వాళ్లకి చెప్పి రండి, చాలు.

చెల్లికి లోహపు కవాటం పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు చేతిలో ఒక కాగితం. ఐఎన్ఆర్ ఇంత నుంచి ఇంత మధ్య ఉండాలని ఇంగ్లీషులో రాసుంది. ఆ మూడక్షరాలేంటో ఏ ఆసుపత్రి మనిషీ తెలుగులో చెప్పలేదు. పరీక్షకి శ్రీకాకుళం వెళ్లాలి. వెళ్లిన రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ, ల్యాబు ఖర్చు. రెండు నెలలు వెళ్లింది, మూడో నెల జీడి పనులొచ్చాయి. "బాగానే ఉన్నాను కదేటి" అంది. మాత్రలు అయిపోయి పది రోజులు గ్యాప్ వచ్చింది. గడ్డ కట్టి మెదడుకి పోయింది. ఇప్పుడామెకి ముప్పై ఒకటి. కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో బియ్యం ఏరుతుంది. పథకం లెక్కల్లో ఆమెవి రెండు విజయవంతమైన చికిత్సలు.

మా ఊరికి కూతవేటులో శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. దుఃఖం ఉందంటే దానికి కారణం ఉంటుంది, దాన్ని వెతకమని చెప్పినవాడి స్తూపాలు. కారణం వెతికితే ఇల్లు కనిపిస్తుంది, సాంఘిక సంక్షేమ హాస్టలు కనిపిస్తుంది. ఒక హాల్లో పక్కకి పక్క ఆనించి పిల్లల్ని పడుకోబెట్టేది మన ప్రభుత్వమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు పేరుంది. స్టెతస్కోపు పెట్టి చూడటం సరిపోదు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో మొజాంబిక్, కంబోడియా బడిపిల్లల్ని ఎకోతో చూస్తే, స్టెతస్కోపుకి దొరికినవాళ్లకి దాదాపు పది రెట్లు బయటపడ్డారు.

అందుకని మన పని. హాస్టళ్లకి ఎకో మిషన్ రావాలి. జ్వరమొచ్చిన పిల్ల పేరు విలేజ్ క్లినిక్ రిజిస్టర్లో ఎక్కాలి, ఇరవై ఒకటో రోజు సూది పడాలి. కవాటం మార్చిన మనిషికి ఐఎన్ఆర్ పరీక్ష పీహెచ్‌సీలోనే జరగాలి. వేలి నుంచి ఒక చుక్క రక్తంతో చూసే చిన్న మిషన్లు ఎప్పుడో వచ్చాయి. కాగితం తెలుగులో ఉండాలి.

మీ ఊరి హాస్టల్లో ఒక్కో హాలు పొడవు వెడల్పులెంత, అందులో ఎంతమంది పడుకుంటున్నారో కొలిచి నాకు పంపండి. పిల్లల ఫొటోలు వద్దు, కొలతలు చాలు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చే అర్జీకి జతచేస్తాను. వచ్చే ఆదివారం ఉద్దానం, కిడ్నీల దగ్గరికి వెళ్దాం.

జై భీమ్.