మొగుడి చేతా మాత్ర మింగించండి

కడుపుతో ఉన్న ఆడపిల్లకు మనం చేయించని పరీక్ష లేదనుకుంటాం. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, సిఫిలిస్ అన్నీ రాస్తాం. కలయిక వల్ల అంటుకునే క్లమీడియా క్రిమికి మాత్రం పరీక్ష రాయం. ఎందుకని అడిగితే, "మన ఇళ్ళలో అలాంటి రోగాలు ఉండవండీ" అంటారు పెద్దమనుషులు. ఎవరింట్లో పరీక్ష చేసి చూశారయ్యా మీరు?

ఈ క్రిమి సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. కొందరికి తెల్లబట్ట అవుతుంది. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అని ఇంట్లో తేల్చేస్తారు. సర్కారు పద్ధతేమో బాధ చెప్పుకున్నవాళ్ళకే మందుల పొట్లం ఇచ్చే పద్ధతి. బాధే తెలియని మనిషి ఏం చెప్పుకుంటుంది?

కాన్పులో క్రిమి బిడ్డకు అంటుకోవచ్చు. కళ్ళకు సోకితే వారం పది రోజులకు పసిగుడ్డు రెప్పలు ఉబ్బి, పుసులతో అతుక్కుపోతాయి. అమ్మమ్మ కంట్లో చనుబాలు పిండుతుంది, పక్కింటావిడ దిష్టి తీస్తుంది, మందుల షాపువాడు చుక్కలిస్తాడు. చుక్కలతో పోయేది కాదది, డాక్టరు చూసి నోటి ద్వారా యాంటీబయోటిక్ పట్టించాల్సిందే. అదే క్రిమి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒకటి నుంచి మూడు నెలల వయసులో, చాలాసార్లు జ్వరం కూడా లేకుండా, తెరలు తెరలుగా దగ్గుతో న్యుమోనియా వస్తుంది. సీమంతంలో గాజులు తొడిగిన చేతులే అప్పుడు తల్లి వైపు వేలు చూపిస్తాయి, ఏం తిన్నావే అని. రేపు ఇదే క్రిమితో ఆమె గర్భనాళాలు మూసుకుపోయి రెండో కాన్పు రాకపోయినా ఆ వేళ్ళు ఆమెనే చూపిస్తాయి.

మందేమైనా దొరకనిదా? గర్భిణికి డాక్టర్లు రాసేది అజిత్రోమైసిన్, ఒక గ్రాము, ఒక్కసారి. నెల తర్వాత తగ్గిందో లేదో చూడాలి, మూడు నెలలకు మళ్ళీ పరీక్షించాలి. అంతే.

అసలు చిక్కు మొగుడి దగ్గరుంది. రిపోర్టులో ఆ పేరు కనబడగానే అత్తగారి చూపు కోడలి మీదికే పోతుంది. కొడుకును ఒక్క మాట అడగరు. ఈ క్రిమి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఒంట్లో ఉంటుంది. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఆ రిపోర్టు చెప్పదు. మరి మీరెలా చెప్పారు? మగవాళ్ళలోనూ చాలామందికి లక్షణాలు కనబడవు. "నాకేం లేదు" అనే మగాడి మాట సాక్ష్యం కాదు. అతనికి మందు వేయకుండా ఆమెను ఒక్కదాన్నే నయం చేసి పంపడం వైద్యం కాదు, అదే మంచం మీదికి, అదే రోగంలోకి తోసెయ్యడం.

ఖర్చంటారు. క్షయ పరీక్షకు తెచ్చిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలోనే క్లమీడియా కార్ట్రిడ్జ్ పెడితే గంటన్నరలో ఫలితం చెబుతుంది. అమెరికాలో పాతికేళ్ళ లోపు గర్భిణులందరికీ, ఆపై వయసులో ముప్పు ఉన్నవాళ్ళకూ ఈ పరీక్ష చేయమని అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ సిఫారసు చేసింది. ఇక్కడ కొరత యంత్రానిది కాదు, సిగ్గు విడిచి కార్ట్రిడ్జ్ కొనే అధికారిది. కోడళ్ళ శీలం మీద ఉన్న శ్రద్ధలో పావువంతు మనవల కళ్ళ మీద ఉంటే ఆ అధికారిని ఎప్పుడో నిలదీసేవాళ్ళం.

ముఖం చిట్లించుకుంటూ ఇంతవరకు చదివిన మామగారూ, మీ కోడలితో పాటు కొడుకునీ పరీక్షకు పంపే దమ్ముందా? అమ్మా, వచ్చే 9వ తారీఖున గర్భిణుల పరీక్షలకు పీహెచ్‌సీకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడుగు: క్లమీడియా పరీక్ష నాకెందుకు రాయలేదు? ఉందని తేలితే మా ఆయనకు మందు ఎప్పుడిస్తారు? జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకు.