కొండ మీద ఉన్నంతసేపూ ఫోన్ ఆపేసుకోండర్రా!

మా అమ్మాయి పెళ్ళయి డెన్వర్ వెళ్ళిన కొత్తలో నేను పెట్టిన షరతు ఒక్కటే. "ఎక్కడికి వెళ్ళినా ఫోన్ మాత్రం ఆపొద్దు." మీలో చాలామంది ఇదే మాట అనే ఉంటారు. పిల్లల్ని సముద్రాలు దాటించి ఇక్కడ కూర్చున్న తల్లులకి ఆ ఫోనే కదా ధైర్యం. మెసేజ్ పక్కన నీలం టిక్కులు పడేదాకా నాకు అన్నం సహించదు. అలాంటి నేనే ఇవాళ, మంచు కొండలకి వెళ్ళే పిల్లలకి ఫోన్ ఆపుకోమని మనమే చెప్పాలి అంటున్నాను. ఎందుకో వినండి.

మా అల్లుడికి మంచు కొండల పిచ్చి. టిక్కెట్టు కొని, లిఫ్టు ఎక్కి, జారుకుంటూ దిగే చోట్లు కాదు. జనం లేని చోట కాళ్ళకి స్కీలు కట్టుకుని, తామే కొండెక్కి తామే దిగడం. మా పిల్ల కూడా నేర్చుకుంది. మంచు చరియలు విరిగిపడటమంటే నాకు గుర్తొచ్చేది 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పదిమంది జవాన్లు కూరుకుపోయిన వార్త. వాళ్ళలో మన కర్నూలు జిల్లా జవాను ముస్తాక్ అహ్మద్ కూడా ఉన్నాడు. ఆ వారమంతా టీవీ ముందు నుంచి లేవలేదు నేను. ఇక వీళ్ళు సరదాకి అలాంటి చోట్లకి వెళ్తున్నారంటే నా గుండె ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కిందటి చలికాలం వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. సంక్రాంతికి అల్లుడికి ఏదో ఒకటి పెట్టాలి కదా! బట్టలు వేసుకోడని, బ్యాటరీతో వేడెక్కే గ్లవుజులు కొన్నాను. మా పిల్లకి స్మార్ట్ వాచీ. "చాలా బాగున్నాయి అత్తయ్యగారూ" అన్నాడు. ఆ శనివారం కొండకి వెళ్తూ ఇద్దరూ రెండింటినీ బల్ల మీదే వదిలేసి వెళ్ళారు. పైకి అనలేదు గానీ మనసు చివుక్కుమంది.

సాయంత్రం వచ్చాక మా పిల్ల నా మొహం చూసి కనిపెట్టేసింది. "అలిగావా అమ్మా? రేపు పార్కుకి రా, ఎందుకో చూపిస్తాను" అంది.

వాళ్ళు ఒంటికి పట్టీలతో కట్టుకునే చిన్న పెట్టె ఒకటుంది. అరచేతిలో పడుతుంది. బీకన్ అంటారు. అది దాదాపు సెకనుకోసారి 457 కిలోహెర్ట్జ్ మీద చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. ఏ కంపెనీది కొన్నా, ఏ దేశంలో వాడినా అదే ఫ్రీక్వెన్సీ. ఒకరు మంచు కింద పడిపోతే మిగతావాళ్ళు తమ పెట్టెల్ని పంపడం మానిపించి వెతికే పనికి మారుస్తారు. ఇక ఆ తెర మీద బాణం ఎటు పొమ్మంటే అటు పోవడం, దూరం చెప్పే అంకె తగ్గుతోందో లేదో చూసుకోవడం.

అల్లుడు ఒక పెట్టెని సంచిలో పెట్టి మంచులో ఎక్కడో దాచి వచ్చాడు. నేను పంతానికి నా గ్లవుజులు, నా వాచీ నేనే తొడుక్కుని, స్విచ్చులన్నీ వేసి బయల్దేరాను. మా ఆయనకి వీడియో తీసి పంపుదామని రెండో చేతిలో ఫోన్. ఇంకేముంది! బాణం ఒకసారి ఇటు, ఒకసారి అటు. అంకె పెరుగుతుంది, తగ్గుతుంది, మాయమవుతుంది. చెట్టు చుట్టూ తిరుగుతున్నాను తప్ప ముందుకి పోలేదు. మా పిల్ల వచ్చి అవన్నీ తీసేసుకుని, "ఇప్పుడు వెతుకు" అంది. బాణం నిలబడింది. ఏమీ తెలియని నేను తిన్నగా ఆ సంచి దగ్గరికే వెళ్ళాను.

చిన్నప్పుడు రేడియోలో పాటలు వస్తుంటే పక్కన మిక్సీ వేయగానే గర్రుమనేది, గుర్తుందా? ఇదీ అంతే. ఈ 457 అనేది రేడియోలో మీడియం వేవ్ మొదలయ్యే చోటికి కాస్త కిందే ఉంటుంది. మంచు కింద నుంచి వచ్చే ఆ సంకేతం చాలా సన్నది. మనం చేతికి, జేబుకి తగిలించుకున్న ప్రతి వస్తువూ తన రొద తాను చేస్తుంటే, ఆ సన్నటి పిలుపు అందులో కలిసిపోతుంది. అందుకే ఫోన్లు, వాచీలు, కెమెరాలు, బ్యాటరీ గ్లవుజులు లాంటివి మామూలుగా నడిచేటప్పుడు బీకన్‌కి 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉంచమంటారు. వెతికే పెట్టె పట్టుకునేదే చేత్తో. మరి ఆ చేతికే వాచీ, ఆ చేతికే గ్లవుజు! నేను ఏరి కోరి కొన్నవి సరిగ్గా ఉండకూడని చోటే ఉన్నాయన్నమాట. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా చాలదట, లోపలి చిప్పులు, తెర పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి. ఆపేయడమే మంచిది.

"మరి ఆపదొస్తే ఫోన్ లేకుండా ఎవర్ని పిలుస్తారు?" అని నేనూ అడిగాను. మా పిల్ల చెప్పిన జవాబు నన్ను కూర్చోబెట్టేసింది. మంచు కింద పడ్డ మనిషిని పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే ఆశ బాగా ఉంటుంది. అరగంట దాటితే పోయేవాళ్ళే ఎక్కువ. హెలికాప్టర్ వచ్చేదాకా ఆ ఊపిరి ఆగదు. కాపాడాల్సింది పక్కన ఉన్న మనిషే. అంటే మా పిల్ల పడితే అల్లుడు, అల్లుడు పడితే మా పిల్ల. ఫోన్ వద్దని కాదు, ఆపి బీకన్‌కి దూరంగా సంచిలో ఉంచుకోవాలి. ఎక్కువమంది ఉంటే ఒకరు దూరంగా జరిగి సాయానికి ఫోన్ చేయాలి, మిగతావాళ్ళు వెతకాలి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ "ఫోన్ ఆపొద్దు" అన్నది ఎవరి కోసం? వాళ్ళ క్షేమం కోసమా, నా కంగారు తగ్గడం కోసమా? నిజం చెప్పొద్దూ, రెండోదే. ప్రేమకొద్దీ ఒక్కో వస్తువూ తగిలిస్తూ పోతాం. ఎన్ని తగిలిస్తే అంత భద్రం అనుకుంటాం. అక్కడ మాత్రం తీసేస్తేనే భద్రం.

వెళ్ళొద్దని చెబితే వినే వయసు కాదు. అందుకే ఇప్పుడు వేరే ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ రోజు మంచు చరియల హెచ్చరిక చూశారా? బయల్దేరే ముందు ఒకరి బీకన్ ఒకరు సరిచూసుకున్నారా? పార, మంచులో గుచ్చి చూసే పొడుగు కడ్డీ ఇద్దరి దగ్గరా ఉన్నాయా? ఫోన్లు ఆపారా? ఎన్నింటికి దిగుతారు? ఆ టైము కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంటాను. ఆ టైము దాటేదాకా ఫోన్ చేయను, మెసేజ్ పెట్టను. ఈసారి సంక్రాంతికి వస్తువులేమీ కొనలేదు. ఇద్దరికీ మంచులో వెతికి తీసే శిక్షణకి ఫీజు కట్టాను.

ఆ గ్లవుజులు వృథా పోలేదు లెండి. ఇంటి ముందు మంచు ఎత్తిపోసేటప్పుడు అల్లుడు వేసుకుంటున్నాడట.

వాళ్ళు కొండెక్కేసరికి మనకి రాత్రి, దిగేసరికి తెల్లవారుజాము. మొన్న శనివారం కూడా మూడున్నరకి లేచి కూర్చున్నాను. మూడూ నలభైకి వచ్చింది మెసేజ్, "దిగాం అమ్మా" అని. కాఫీ పెట్టుకున్నాను. మీ పిల్లలెవరైనా ఇలా వెళ్తుంటే, ఈ వారమే అడగండి.